ఏంపర్లేదు డాక్టరు

మా ఇంటిల్లిపాదికీ డాక్టరంటే ఒక్కరే. నేను కోడలిగా రాకముందు నుంచీ ఆయనే, మా ఆయన పుట్టకముందు నుంచీ ఆయనే. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, మా ఆయన చిన్నప్పుడు పరీక్ష తప్పి రెండు పూటలు మాట్లాడకపోయినా ఆయన దగ్గరికే పరిగెత్తడం అలవాటు. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా ఆయన నోట్లోంచి ముందు ఊడిపడే మాట ఒకటే: "ఏం పర్లేదు." రోగి ఇంకా సగంలో ఉండగానే వచ్చేస్తుందది. అందుకని నేను ఆయనకి ఏంపర్లేదు డాక్టరు అని పేరు పెట్టాను. మొదట్లో ముద్దుగానే పెట్టాను. తరవాత తరవాత ఆ పేరు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

మా మామయ్యది సెలూను. వీధి మలుపులో మూడు మెట్లెక్కితే రెండు కుర్చీలు, రెండు అద్దాలు. పెద్ద కుర్చీ మామయ్యది, కిటికీ పక్కది మా ఆయనది. వెనక చెక్క అడ్డం, దాని అవతల నా కుట్టుమిషను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, చిరుగులు కలిపి కుట్టడం నా పని. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంట్లో కూర్చుంటే నాకు తోచడం లేదని కనిపెట్టి, ఎవరూ అడగకుండానే ఆ అడ్డం కొట్టించి నాకొక గది చేసిపెట్టింది మామయ్యే. చెక్కల మధ్య ఒక సందు ఉండిపోయింది. అందులోంచి చూస్తే అద్దం, అద్దంలో షాపంతా కనిపిస్తుంది. మాటలు వినడానికి ఆ సందు కూడా అక్కర్లేదు, మిషను తొక్కడం ఆపితే చాలు.

మా ఆయన బ్లేడు మార్చే రకం వాడతాడు. మామయ్య మాత్రం చివరిదాకా మడత కత్తే. తోలుపట్టీ మీద దాన్ని అటూ ఇటూ రుద్దుతుంటే ఆ చప్పుడుకే కుర్చీలో మనిషి సగం నిద్రలోకి జారుకునేవాడు. ఆ చేతికి అలవాటు పడ్డ చెంప ఇంకో చేతిని ఒప్పుకోదని పాతవాళ్లందరూ మామయ్య కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు.

వాళ్లలో మొదటివాడు మన డాక్టరు. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి పెద్ద కుర్చీలో వెనక్కి వాలి, మెడ పైకెత్తి, కళ్లు మూసుకునేవాడు. మామయ్యని పరీక్ష చెయ్యడం కూడా అక్కడే. క్లినిక్కుకి రమ్మంటే మామయ్య వెళ్లడు. వారం వారం ఆయనే వస్తుంటే నేనెందుకు వెళ్లడం అంటాడు. డాక్టరుకీ అదే హాయిగా ఉన్నట్టుంది. ముఖం నిండా నురగతో, పెదాలు కదపకుండా, "నిద్ర పడుతోందా పెద్దాయనా? ఆకలేస్తోందా?" అని అడిగేవాడు. "కదలకండి, గడ్డం దగ్గరున్నా," అనేవాడు మామయ్య. అంతటితో పరీక్ష అయిపోయినట్టే.

ఎక్కడైనా డాక్టరు రోగి గొంతు పట్టుకుని చూస్తాడు. మా షాపులో రోగే డాక్టరు గొంతు మీద కత్తి పెట్టేవాడు. ఆ చెయ్యి వణకలేదు కాబట్టి రోగికి ఏ రోగమూ లేదని డాక్టరు తేల్చేసేవాడు. ఇంత సులువైన వైద్యం నేనింకెక్కడా చూడలేదు.

ఇంట్లో తేడా నాకు ముందే తెలుస్తోంది. తిన్న కంచం నేను కడుగుతుండగానే "భోజనం పెట్టవా అమ్మాయ్?" అని వచ్చి నిలబడేవాడు. చొక్కా మీద చొక్కా వేసుకునేవాడు. పోయిన అత్తయ్య ఇంకా రాలేదేమని గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఇవన్నీ ఇంటి నాలుగు గోడల మధ్యవి కాబట్టి నేను నోరు మూసుకున్నాను. షాపులో మొదలయ్యేసరికి ఊరుకోలేకపోయాను.

డ్రాయింగు మాస్టారని ఒకాయన ఉన్నారు. మా వీధిలో అందరూ మీసాల మాస్టారనే అంటారు, అంత మీసం. కుర్చీలో కూర్చోగానే గురక పెట్టడం ఆయనకి అలవాటు. ఒకరోజు గురక ఆగి కళ్లు తెరిచేసరికి మీసంలో ఎడమ సగం లేదు. "ఇదేంటి పెద్దాయనా!" అని ఆయన లేచి నిలబడితే, మామయ్య తాపీగా, "మీరే కదండీ తీసెయ్యమన్నారు," అన్నాడు. ఇంక చేసేదేముంది, మిగతా సగం కూడా తీసేశారు. ఇంటికి వెళ్తే ఆయన భార్య తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అందట. వీధంతా నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మామయ్య ఆ కుర్చీలో కూర్చున్న మాస్టారిని మాస్టారనుకోలేదు, ఇంకెవరో అనుకున్నాడు. గీస్తూ ఆయన పిలిచిన పేరు నేను విన్నాను, అది ఎప్పుడో పోయిన మనిషిది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "మామయ్య చేత కత్తి మాన్పించాలండీ."

"ఒక్క మీసానికేనా?" అన్నాడు. "పొరపాటు ఎవరికి జరగదు? నువ్వు జేబులు కలిపి కుట్టెయ్యలేదా ఎప్పుడూ?"

"నేను జేబు కుడితే విప్పొచ్చు. గొంతు తెగితే నేను కుట్టలేను."

ఆయన మొహం ఎర్రబడింది. "మా నాన్నని పిచ్చోడంటున్నావా? డాక్టరు గారు వారం వారం చూస్తూనే ఉన్నారుగా. ఆయనకి కనపడనిది నీకు కనపడిందా? ఆయన్ని ఒక్క మాట అనమను. రేపే కత్తులన్నీ తీసి పెట్టెలో పెట్టి తాళం వేస్తా. ఆయన అననీ ముందు."

మా ఇంట్లో డాక్టరు మాట వేదవాక్కు. నేను వందసార్లు అరిచినా గాలికి పోతుంది, ఆయన ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఇల్లు మొత్తం ఆగిపోతుంది. సరే, ఆ ఒక్క మాటే ఆయన చేత అనిపిస్తే చాలు కదా అనుకున్నాను. మామయ్య చేతికింద ఎవరి ప్రాణమైనా పోకముందే అనిపించాలి, అంతే.

ఆదివారం డాక్టరు గడ్డం గీయించుకుని దిగుతుంటే మెట్ల దగ్గర ఆపాను. మీసం సంగతి, చొక్కాల సంగతి, అత్తయ్య కోసం చూడడం, అన్నీ చెప్పాను. ఆయన తన చెంప నిమురుకుంటూ విన్నాడు.

"ఇదిగో చూడమ్మా," అన్నాడు మెడ పైకెత్తి. "ఎక్కడైనా ఒక్క గాటుందా? మతి లేనివాడి చెయ్యి ఇంత నున్నగా ఆడుతుందా? వయసు మీద పడుతోంది, అంతే. ఏం పర్లేదు."

"చెయ్యి బానే ఉందండీ. ఎవరి గడ్డం గీస్తున్నాడో తెలియట్లేదు, అదీ గొడవ."

ఆయన నా వైపు పరీక్షగా చూశాడు. మామయ్య వైపు ఏనాడూ అలా చూడలేదు. "నీ మొహమే పీక్కుపోయింది తల్లీ. నిద్ర పోతున్నావా? రేపొకసారి క్లినిక్కుకి రా."

నాకు బుద్ధి లేదు. షాపులో మామయ్య వింటాడని మొహమాటపడ్డాడు, గదిలో తలుపేసి అసలు మాట చెప్తాడు అనుకుని మర్నాడు వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి బీపీ చూశాడు. కంటి కింద రెప్ప లాగి చూశాడు. నేను మామయ్య గురించి చెప్తున్నంతసేపూ నా నాడి పట్టుకుని ఊఁ కొట్టాడు. "అత్తగారు లేని ఇల్లు. షాపు పని, ఇంటి పని అంతా నీ నెత్తినే పడింది. చిరాకు రావడం సహజం," అని టానిక్కు రాసిచ్చాడు. మామయ్య జబ్బు చెప్పుకోవడానికి వెళ్లి నేను రోగినై బయటికొచ్చాను.

మా ఆయనకి అది చాలు. "చూశావా? ఎవరికి బాగాలేదో ఆయనే తేల్చేశారు," అన్నాడు. ఆ రాత్రి నేను భోజనం చెయ్యలేదు. టానిక్కు సీసా ఇప్పటికీ బీరువా మీదే ఉంది. మూత తియ్యలేదు, పారెయ్యనూ లేదు. కోపం తగ్గుతుందేమో అనిపించినప్పుడల్లా ఒకసారి దాని వైపు చూస్తే చాలు.

తరవాత కొన్నాళ్లు ఇంట్లో మాటల్లేవు. మా ఆయన కంచం ముందు కూర్చుంటే నేను గిన్నె ఠక్కున పెట్టేదాన్ని, ఆయన ఠక్కున లేచేవాడు. మధ్యలో మామయ్య ఒక్కడే హాయిగా ఉండేవాడు. "ఏరా, అమ్మాయి అలిగిందా? ఒక చీర కొనిపెట్టు," అని కొడుకుని ఆటపట్టించేవాడు. ఆ మాటే మళ్లీ కాసేపటికి, మళ్లీ కాసేపటికి. ఎవరి మీద అరవాలో తెలియక ఆ కోపం మిషను మీద చూపించేదాన్ని. ఆ రోజుల్లో నేను విరగ్గొట్టిన సూదులకి లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆయన సబ్బులు, దువ్వెనలు తేవడానికి బజారుకి వెళ్లాడు. పెద్ద కుర్చీలో ఒక బస్సు కండక్టరు కూర్చున్నాడు. తోలుపట్టీ చప్పుడు వినిపించింది, నురగ కలుపుతున్న చప్పుడు వినిపించింది, తరవాత గీస్తున్న చప్పుడు. నేను ఒక ప్యాంటు అంచు మడుస్తున్నాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయిందని గమనించాను. సందులోంచి చూస్తే అద్దంలో కండక్టరు, ఒక చెంప శుభ్రంగా, ఒక చెంప నురగతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మామయ్య లేడు. బల్ల మీద కత్తి లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

నాలుగు రోడ్ల కూడలిలో జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో మామయ్య. తెల్ల కోటు, భుజం మీద తువ్వాలు, చేతిలో తెరిచిన కత్తి, కత్తి మీద ఇంకా నురగ. ఒకామె తన బిడ్డని కొంగు వెనక్కి లాక్కుంది. ఒకడు ఎక్కడిదో ఇనపకమ్మీ పట్టుకుని, "కత్తి కింద పడెయ్! పడేస్తావా, పగలగొట్టమంటావా!" అని అరుస్తున్నాడు. మామయ్యకి ఆ అరుపులు తన కోసమేనని తెలియలేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ల ముఖంలోకి వంగి చూస్తూ, ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు.

"ఇప్పటిదాకా ఇక్కడే కూర్చున్నారండీ. గడ్డం సగంలో ఉంది. మీరు గానీ చూశారా?"

ఆయన ఒక అడుగు ముందుకేస్తే జనం రెండడుగులు వెనక్కి వేస్తున్నారు. కమ్మీ వాడు మాత్రం వెనక్కి వెయ్యలేదు. మామయ్య చేతి మీద ఒక్కటి వేశాడు. కత్తి కింద పడలేదు. ఆ చేతికి కత్తి జారనివ్వడం రాదు.

నేను మధ్యలోకి దూరాను. కమ్మీ వాణ్ణి ఏమన్నానో ఇక్కడ రాయలేను. మామయ్య నన్ను చూసి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అమ్మాయ్, కస్టమరు ఎటో వెళ్లిపోయాడే," అన్నాడు.

"షాపులోనే ఉన్నారు మామయ్యా. నురగ ఆరిపోతోంది, రండి."

వెంటనే కదిలాడు. నురగ ఆరిపోవడం ఆయనకి పెద్ద తప్పు. ఆ చేతిలోంచి కత్తి తీసుకుని మడుస్తుంటే నా బొటనవేలు తెగింది. షాపుకి వెళ్లేసరికి కండక్టరు ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు. తన మెడ మీంచి ఏం లేచి ఎటు వెళ్లిందో ఆ మనిషికి ఇప్పటికీ తెలియదు.

మా ఆయన వచ్చాడు. వాళ్ల నాన్న ముంజేయి వాచి నల్లబడి ఉంది. సంగతంతా విన్నాడు, ఆ చేతికి తడిబట్ట చుట్టాడు, చుట్టాక నెమ్మదిగా, "డాక్టరు గారిని ఒకసారి అడిగి..." అని మొదలుపెట్టాడు.

"నేనే అడుగుతా," అని బయల్దేరాను. బొటనవేలికి చుట్టిన గుడ్డపేలిక ఎర్రగా తడిసిపోయింది.

క్లినిక్కు నిండా జనం. నా వంతు వచ్చేదాకా కూర్చోలేదు. లోపల బల్ల పక్కన ఒకాయన నోట్లో థర్మామీటరు పెట్టుకుని స్టూలు మీద ఉన్నాడు. డాక్టరు నా వేలు చూసి అలవాటు కొద్దీ, "ఏం పర్..." అన్నాడు.

"ఆ మాట పూర్తి చేశారంటే ఈ బల్ల తిరగేస్తా," అన్నాను.

నేను నిలబడే అంతా చెప్పాను. కూడలి, జనం, కమ్మీ, మామయ్య ఎంత మర్యాదగా అడిగాడో అదీ చెప్పాను. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తెలుసమ్మా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయనకి మతి తప్పుతోందని. చాలా నెలలైంది. గీస్తూ గీస్తూ నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా అడుగుతాడు, మీ అబ్బాయి డాక్టరు చదువు పూర్తయిందా అని. నన్ను మా నాన్న అనుకుంటున్నాడు. ఆయన కూడా ఆ కుర్చీలోనే గీయించుకునేవారు."

"మీరేమన్నారు?"

"ఇంకా అవలేదు అంటున్నా."

"నిజమే చెప్పారు," అన్నాను. "ఇంకా అవలేదు."

ఆయన తల దించుకున్నాడు. స్టూలు మీదాయన కళ్లు పెద్దవి చేసుకుని నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"చెప్పి ఏం చెయ్యనమ్మా?" అన్నాడు డాక్టరు. "తగ్గించే మందు లేదు. కత్తి లాగేసుకుంటే ఆయనకి మిగిలేదేముంది? ఆ కుర్చీ వెనక నిలబడ్డంతసేపే ఆయన మనిషిగా ఉంటున్నాడు. అందుకే వారం వారం వచ్చి నా మెడ ఇచ్చి కూర్చుంటున్నా. తెగితే నాదే తెగుతుందిలే అనుకున్నా."

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అది ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"మీ మెడ ఒక్కటేనా ఆ కుర్చీలో కూర్చునేది? ఆదివారం పూట కళ్లు మూసుకుని త్యాగం చేసి మీరు ఇంటికెళ్లిపోతారు. మిగతా రోజులు ఆ కత్తికి కాపలా ఎవరు? మీరు నోరు విప్పలేదు కాబట్టి నా ఇంట్లో నేను రాక్షసినయ్యాను. నా మొగుడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నాడు. మీకు తెలుసు. తెలిసి నాకు టానిక్కు రాశారు!"

"అమ్మా, కాస్త నెమ్మదిగా..."

"మందు లేదు సరే. మాట కూడా లేదా? నేను మిమ్మల్ని మందు అడగలేదు డాక్టరు గారూ, మాట అడిగాను."

స్టూలు మీదాయన థర్మామీటరు తీసి, "ఆవిడ అడిగిందాంట్లో..." అన్నాడు.

"నోట్లో పెట్టుకో ముందు!" అని డాక్టరు ఆయన మీద కసిరాడు. తరవాత నా వైపు తిరిగి, అప్పటిదాకా నేను వినని గొంతుతో అన్నాడు. "నేను బోర్డు కట్టిన కొత్తలో ఈ గుమ్మం తొక్కినవాడు లేడు. ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. మీ మామయ్య కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ నా గురించి చెప్పి ఇక్కడికి తోలాడు. ఆయన వల్లే నేను డాక్టర్నయ్యా. అలాంటి మనిషికి, నీ మతి పోతోందయ్యా అని ఎలా చెప్పను?"

"నోటితో చెప్పండి," అన్నాను. "రేపు పొద్దున్నే వచ్చి చెప్పండి. కుర్చీలో వాలి కాదు, నురగ పూసుకుని కాదు. కళ్లు తెరుచుకుని, మా ఆయన వింటుండగా చెప్పండి."

వేలికి కట్టు కడతానన్నాడు. అక్కర్లేదని వచ్చేశాను.

మర్నాడు వచ్చాడు. రాడేమో అనుకున్నాను గానీ వచ్చాడు. ఆదివారం కాని రోజున, చేతిలో సంచితో ఆయన్ని చూసి మా ఆయన కంగారుపడి పెద్ద కుర్చీ దులిపాడు. డాక్టరు కూర్చోలేదు. మామయ్యని ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో మామయ్య ఆ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. ఆయన ఇబ్బందిగా, ఎవరిదో సొత్తు మీద కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. డాక్టరు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, మొదటిసారి సరిగ్గా పరీక్ష చేశాడు. ఇది ఏ నెల, బయట ఎండాకాలమా వానాకాలమా, పొద్దున్నేం తిన్నారు. మామయ్య ప్రతిదానికీ నవ్వి, "మీకు తెలియదా ఏంటి డాక్టరు గారూ," అని దాటేశాడు.

డాక్టరు మా ఆయన్ని చూపించి, "ఈయనెవరు?" అన్నాడు.

మామయ్య చూశాడు. ముఖంలో ప్రేమ కనపడుతూనే ఉంది. పేరు కోసం, వరస కోసం వెతుక్కున్నాడు. "మా తమ్ముడండీ," అన్నాడు. "మంచివాడు. చెయ్యే ఇంకా కుదరలేదు."

మా ఆయన అద్దం బల్ల అంచు పట్టుకున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు డాక్టరు. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని మళ్లీ అన్నాడు. "పెద్దాయనా, మీకు మతిమరుపు జబ్బు వచ్చింది. వయసు వల్ల వచ్చే మామూలు మరుపు కాదు, మెదడుకి వచ్చే జబ్బు. తగ్గేది కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. ఇవాళ్టి నుంచి మీరు కత్తి పట్టకూడదు."

మామయ్య తన చేతులు ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నా చెయ్యి తప్పిందా?"

"తప్పలేదు."

"ఎవరికైనా తెగిందా?"

"తెగకముందే చెప్తున్నా."

"ఇదేనా ముందు?" అన్నాడు మామయ్య. కోపంగా అనలేదు. "వారం వారం నా చేతికింద కూర్చున్నారుగా డాక్టరు గారూ. మీకు అప్పుడే తెలిసి ఉంటుందిగా. నాకు తెలుస్తున్నప్పుడే చెప్పాల్సింది."

నేను వేసిన కేకలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపు. మామయ్య కోటు జేబులోంచి మడత కత్తి తీసి, తువ్వాలుతో తుడిచి, డాక్టరు అరచేతిలో పెట్టాడు.

మా ఆయన నా దగ్గరికి వచ్చి, పళ్లు బిగపట్టి, "ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?" అన్నాడు. చల్లబడలేదు. నేను గెలిచాను, గెలిచినట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

డాక్టరు కత్తిని సంచిలో వేసుకుని లేచాడు. ఆయన లేవగానే మామయ్యా లేచాడు. కుర్చీని ఒక్కసారి తువ్వాలుతో కొట్టి, చెయ్యి చాపి నవ్వాడు.

"రండి డాక్టరు గారూ, కూర్చోండి. బాగా పెరిగిపోయిందే గడ్డం." బల్ల సొరుగు లాగి తడుముకున్నాడు. జేబు తడుముకున్నాడు. "నా కత్తేదిరా?"

డాక్టరు నా పక్కకి జరిగి, లోగొంతుకతో, "చూశావా? ఇందుకే చెప్పలేదు. చెప్పిన మాట ఆయన దగ్గర నిలవదు," అన్నాడు.

"ఆయన దగ్గర నిలవకపోతే పోనివ్వండి. అటు చూడండి."

మా ఆయన రెండు సొరుగులూ బయటికి లాగాడు. కత్తులు, కత్తెరలు, బ్లేడు పొట్లాలు అన్నీ ఒక తువ్వాల్లో వేసి మూట కడుతున్నాడు. కళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఆ మూట తెచ్చి, నా వైపు చూడకుండా, నా మిషను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి నా ముందు పెట్టాడు.

"మా దగ్గర నిలుస్తుంది," అన్నాను డాక్టరుతో. "ఇప్పుడు మళ్లీ చెప్పండి ఆయనకి."

"మళ్లీనా?"

"కత్తేదని అడుగుతున్నాడుగా. నేను చెప్తే కోడలు దాచేసిందంటాడు. కొడుకు చెప్తే నోరు మూసుకోమంటాడు. మీరు చెప్తే వింటాడు. అడిగినన్నిసార్లూ చెప్పండి."

డాక్టరు వెళ్లి మామయ్యని మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ చెప్పాడు. మామయ్య ఆ మాట మొదటిసారి విన్నట్టే విన్నాడు. అదే ముఖం అలాగే వాడిపోయింది. అవే చేతులు ఒళ్లో పెట్టుకుని తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి తప్పిందా?" అని అదే గొంతుతో అడిగాడు. ఈ మాట కోసమే ఇంతమందితో పోట్లాడాను. ఇది రోజూ ఆయన గుండెలో కొత్తగా దిగుతుందని నాకేం తెలుసు?

"తప్పలేదు," అన్నాడు డాక్టరు. అంత పెద్దమనిషీ స్టూలు మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాడు.

మామయ్యకి తన సంగతి అక్కడితో మరుపుకొచ్చింది. ఎదురుగా ఏడుస్తున్న మనిషి మాత్రం కనిపించాడు. భుజం మీద తువ్వాలు తీసి, గీయడం అయ్యాక తుడిచినట్టే, డాక్టరు చెంపలూ గడ్డం కిందా ఒత్తి ఒత్తి తుడిచాడు.

"ఏం పర్లేదు డాక్టరు గారూ," అన్నాడు. "ఏం పర్లేదు."

కాసేపటికి డాక్టరు సంచి పట్టుకుని మెట్లు దిగాడు. నేను వెనకాలే వెళ్లాను. ఆయన ఆగాడు, నేనేదో మంచి మాట అంటానని ఎదురు చూస్తున్నట్టు.

"రేపు షాపు తీసే వేళకి రండి. ఎల్లుండి కూడా," అన్నాను.

తల ఊపాడు.

"ఇంట్లో గడ్డం గీసుకుని రండి. పెరిగిన గడ్డం కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు."